జారిపోయిన సున్న

పోయిన వారం మనం పాస్టరమ్మను చర్చి మెట్ల మీద వదిలి వచ్చాం. లోపల సంఘమంతా చేతులెత్తిన సంబరం ఆవిడ మొహం మీద ఇంకా ఆరలేదు.

సంగతి మొదటినుంచీ తెలియనివాళ్ళకు రెండు ముక్కలు. పాస్టరుగారు మంచాన పడ్డ దగ్గర్నుంచీ జబ్బుచేసినవాళ్ళ పక్కన కూర్చోవడం, పోయినవాళ్ళను సాగనంపడం, ఆలుమగల తగువులు తీర్చడం అన్నీ ఆయన భార్య చేతుల మీదుగానే జరుగుతున్నాయి. ఆయన కన్నుమూశాక ఆదివారం నాడు వాక్యం చెప్పేదీ ఆవిడే అయింది. కాకపోతే కింద, బెంచీల ముందు నిలబడి చెప్పాలి. ప్రసంగపీఠం వెనక్కి వెళ్ళకూడదు. సంఘపెద్దలు పెట్టిన షరతు అది. సమాధుల దగ్గర పనికొచ్చిన మనిషి పీఠం దగ్గర పనికిరాలేదన్నమాట. పోయిన ఆదివారం సంఘ కార్యదర్శి లేచాడు. ఆయన పిల్లలకు లెక్కలు చెప్పే మాస్టారు. జలుబు చేసి గొంతు పూడుకుపోయి ఉంది. అమ్మగారికి పీటం ఇద్దామనుకునేవాళ్ళు చెయ్యెత్తండి అని ఆయన అన్నట్టు ఆవిడ విన్నది. అటు మగవాళ్ళ బెంచీల్లో, ఇటు ఆడవాళ్ళ బెంచీల్లో ఒక్క చెయ్యి కూడా కింద మిగల్లేదు.

ఆ సంఘంలో పీఠాన్ని పీఠం అనేవాళ్ళు లేరు. ఒత్తు పలికే ఓపిక లేక అందరూ పీటం అనేస్తారు. ఈ వారం కథంతా ఆ పలుకుబడి తెచ్చిన తంటాయే.

మర్నాడు మధ్యాహ్నం పాస్టరమ్మ చర్చి తాళం తీసి ఒక్కతే లోపలికి వెళ్ళింది. ఖాళీ మందిరంలో కిటికీ వెలుతురు బెంచీల మీద పడి ఉంది. ఇన్నేళ్ళూ తుడవడానికి తప్ప ఆ పీఠం వెనక్కి ఆవిడ వెళ్ళలేదు. వెళ్ళి నిలబడింది. పుస్తకం పెట్టుకునే వాలుచెక్క సరిగ్గా గడ్డానికి తగిలింది. మునివేళ్ళ మీద లేచింది. గడ్డం కాస్త పైకి వచ్చింది గానీ కాళ్ళు వణికాయి. ఎదురుగా ఎవరైనా కూర్చుని ఉంటే వాళ్ళకు కనిపించేది తన నుదురూ రెండు కళ్ళూ మాత్రమే. ప్రహరీ మీంచి పక్కింటి సంగతులు చూసే మనిషిలా ఉంటాను కదా అనుకుని ఆవిడ తనలో తాను నవ్వుకుంది.

నవ్వుకుని, దీనికి మందు బావగారి దగ్గరే ఉందనుకుంది. బావగారంటే పాస్టరుగారి అన్నగారు. వడ్రంగి. సంఘంలో పెద్దల్లోకెల్లా పెద్ద. ఆ పీఠం, ఆ బెంచీలు, ఆఖరికి తలుపుల గడియలతో సహా ఆయన చేతి పనే. పీఠం కాళ్ళు కింద కొంచెం కోసేస్తే సరిపోతుంది. ఆయన రంపానికి అదెంత పని?

వడ్రంగి షెడ్డు వీధి చివర ఉంది. ముందు భాగంలో కొత్త తలుపులు గోడకు చేరవేసి ఉంటాయి, ఇల్లు లేని తలుపులు. లోపలికి అడుగుపెడితే కాళ్ళ కింద పొట్టు మెత్తగా నలుగుతుంది. చెక్కవాసన, బంకవాసన కలిసి ముక్కుకు తగులుతాయి. బావగారు చెవి మీద పెన్సిలు దోపుకుని, ముందుకు వంగి ఏదో చిత్రిక పడుతున్నాడు. మనిషి పొడుగు. తమ్ముడిదీ అదే పొడుగు. వెనక నుంచి చూసినప్పుడల్లా ఆవిడ గుండె ఒక్కసారి తప్పుదారి పట్టి, మళ్ళీ దారికొస్తుంది.

ఆవిడ గుమ్మం దగ్గరే ఆగి, బావగారూ, కాస్త కోతపని పడింది, మీ దగ్గరికే వచ్చాను అంది.

ఆయన తల తిప్పకుండానే, "నీ పని ముందే మొదలుపెట్టానమ్మాయ్. నువ్వు వచ్చి అడిగేదాకా ఉంచుతానా?" అన్నాడు.

ఆవిడ గుమ్మం దాటి లోపలికి వచ్చింది. ఈ మనిషిని ఇన్నాళ్ళూ ఎంత తప్పుగా అనుకున్నాను, అడక్కముందే గ్రహించాడే అనుకుంది. కృతజ్ఞత చెప్పడానికి మాటలు వెతుక్కుంటూ ఉండగా ఆయన పక్కకు జరిగి, చేస్తున్న పని చూపించాడు.

పీట. నాలుగు పొట్టి కాళ్ళు, పైన ఒక చెక్క. అంచులు గుండ్రంగా అరగదీసి ఉన్నాయి. అరచేత్తో దాన్ని నిమిరి, ముల్లు గుచ్చుకోకుండా రుద్దానని, కాళ్ళు కదలకుండా బిగించానని, నూనె పూసి ఆదివారానికి ఇచ్చేస్తానని ఆయన చెబుతూనే ఉన్నాడు.

ఎవరికిది అని ఆవిడ అడిగింది.

ఎవరికేమిటి, నీకే కదా, సంఘమంతా చెయ్యెత్తింది కదా అన్నాడాయన. ఎంతసేపని కింద నిలబడతావు, వెనక బెంచీలవాళ్ళకు కనపడటంలేదని ఆడవాళ్ళు గొడవ పెడుతున్నారు, అందుకని పెద్దలమంతా కూర్చుని నీకు ఒక పీట చేయించి ఇవ్వాలని అనుకున్నాం, మాస్టారు అదే అడిగాడు, అందరూ సరేనన్నారు. పీటం పక్కన, కింద వేసుకుని, దాని మీద నిలబడి చెప్పుకో. మోకాళ్ళు నొప్పి పెడితే దాని మీదే కూర్చో.

ఆవిడ పీట వంక చూసింది. మాస్టారి జలుబు గొంతు గుర్తు తెచ్చుకుంది. పీట ఇద్దామా, పీటం ఇద్దామా. రెండూ ఒకదాని పక్కన ఒకటి పెట్టి లోపల అనుకుని చూసింది. రెండింటికీ ఒక్క సున్న తేడా. ఆ సున్న మాస్టారి ముక్కులో ఇరుక్కుపోయిందో, తన ఆశలోంచి వచ్చి అతుక్కుందో ఆ దేవుడికే తెలియాలి.

నవ్వు వచ్చింది ముందు. ఆపుకోలేనంత నవ్వు. బావగారు కంగారుపడి మంచినీళ్ళు కావాలా అని అడిగాడు. ఆ నవ్వు అలాగే లోపలికి దిగి, దిగినచోట గట్టిపడింది.

"బావగారూ, మీరంతా నాకోసం చెయ్యెత్తారనుకున్నాను. చేతులెత్తేశారన్నమాట."

ఆయన మొహం ముడుచుకుంది. పీట కింద పెట్టాడు.

ఆవిడ వచ్చిన పని చెప్పింది. దాచుకోలేదు, నసగలేదు. ఆదివారం తాను పీఠం వెనక నిలబడి వాక్యం చెబుతానని, అది తన గడ్డాన్ని తాకుతోందని, కాళ్ళు కోసి తన ఎత్తుకు తెచ్చిపెట్టమని అడిగింది. అంతగా అయితే ఈ పీటనే పీటం వెనకాల వేసుకోమని, అది ఎక్కి నిలబడితే ఇటూ అటూ సరిపోతుందని, దానికి తాను పెద్దలను ఎలాగోలా ఒప్పిస్తానని ఆయన మెల్లగా ఒక మెట్టు దిగాడు. ఆ మనిషి దిగడం అదే మొదటిసారి. వేరే రోజైతే ఆవిడ దానికే పొంగిపోయేది.

"వద్దు బావగారూ. పీటెక్కి నిలబడ్డవాళ్ళ కింద పీట లాగేయడం ఎంతసేపు? నేల మీద నా కాళ్ళతో నేను నిలబడితే, నన్ను పడెయ్యాలంటే భూమినే లాగాలి."

"పాస్టరమ్మగా నిన్ను నెత్తిన పెట్టుకున్నామా లేదా?"

"నెత్తిన పెట్టుకున్న మూటకి నోరుండకూడదుగా. నన్ను దించండి. నడుస్తాను."

అప్పుడు షెడ్డు వెనక తలుపు తీసుకుని తోడికోడలు టీ గ్లాసులతో వచ్చింది. వడ్రంగి భార్య. తక్కువ మాటల మనిషి. ఎప్పుడైనా పెదవి విప్పితే, ఇంట్లో వాళ్ళు వంట మాడిందేమో అనుకుంటారు. పాస్టరమ్మకు ఒక గ్లాసు ఇచ్చి, రెండోది మొగుడికి ఇవ్వబోయి ఆగింది. ఆయన అడిగాడు, నువ్వే చెప్పు, నిన్న దేనికి చెయ్యెత్తావు అని. సాక్ష్యం తనవైపే వస్తుందని ఆయన నమ్మకం.

పీటానికి అంది ఆమె.

"పీటకే కదా?"

"సున్నతో," అంది ఆమె. "సున్నతోనే ఎత్తాను." టీ గ్లాసు పనిబల్ల మీద పెట్టి, వచ్చిన దారినే వెళ్ళిపోయింది.

బావగారు టీ తాగలేదు. రంపం తీసుకుని గుడ్డతో తుడిచాడు. తుడవాల్సిన అవసరమేమీ లేదు, అది శుభ్రంగానే ఉంది. కాసేపటికి గొంతు తగ్గించి చెప్పాడు. ఆ పీటం బల్ల చేసేటప్పుడు తమ్ముణ్ణి ఇదే షెడ్డులో, ఇదే చోట నిలబెట్టానని, మోచెయ్యి మడిచి ఎక్కడికి వస్తుందో కర్ర పెట్టి గుర్తుపెట్టుకున్నానని. ఆ కర్ర పోయింది, తమ్ముడూ పోయాడు, లోకంలో వాడి ఎత్తు మిగిలింది ఆ బల్లలోనే. "దాన్ని కోయమంటున్నావు నన్ను. నా చేత్తో."

ఆ మాటకు ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అవి జారకముందే మాట్లాడింది.

"ఆయన ఎత్తు నాకు తెలియదా బావగారూ? పక్కన నడిచేటప్పుడు నా తల ఆయన భుజం దగ్గర ఎక్కడికొచ్చేదో మీ కర్రకేం తెలుసు? కానీ ఆయన కూడా ఏ ఇంటికెళ్ళినా ఆ ఇంటి గుమ్మం ఎత్తుకు తల వంచి లోపలికెళ్ళాడు. ఆ మనిషి పేరు చెప్పి వంగని బల్ల ఒకటి నిలబెట్టకండి."

జవాబు దొరకని మగవాడికి కోపం దొరుకుతుంది, అది ఎప్పుడూ చేతికందేచోటే ఉంటుంది. ఆ బెంచీలు నావి అన్నాడు. ఆ బల్ల నాది. నా చెక్క, నా చెయ్యి, నా నడుంనొప్పి. ఆడమనిషి ఎక్కుతానంటే నేను ఎత్తుకుపోతాను, పెద్దలం వేరే పాస్టరు కోసం కబురు కూడా పెట్టాం, ఆయన వచ్చిన రోజున తిరిగి తెచ్చి వేస్తాను. అంతదాకా దేని మీద కూర్చోబెడతావో కూర్చోబెట్టుకో నీ సంఘాన్ని.

కబురు పెట్టిన సంగతి ఆవిడకు తెలియదు. టీ అంతా తాగి, ఖాళీ గ్లాసు ఆయన గ్లాసు పక్కన పెట్టింది.

"తీసుకెళ్ళండి. మీ చెక్కా మీదే, మీ చెయ్యీ మీదే, నేనెందుకు కాదంటాను? ఆదివారం మాత్రం నాది కాదు, మీదీ కాదు. అది వస్తుంది. నేనూ వస్తాను."

బయటికి వచ్చి ఇల్లులేని తలుపుల ముందు నుంచి ఆవిడ ఇంటిదారి పట్టింది.

ఇక ఆ వారమంతా ఊళ్ళో సున్నదే రాజ్యం. సంఘంలో బట్టలు ఇస్త్రీ చేసే ఒకామె ఉంది. అందరికీ అత్తే, ఇస్త్రీ అత్త. ఆమె బల్ల దగ్గరికి వచ్చిన బట్టల కంటే కబుర్లే ఎక్కువ, రెండింటినీ మడత పెట్టి మరీ పంపిస్తుంది. ఆమె ముందు నిలబడి ఆడవాళ్ళు లెక్కలు తేల్చుకున్నారు. ఇంటింటా అదే రభస. నువ్వు దేనికి ఎత్తావంటే నువ్వు దేనికి ఎత్తావని. అమ్మగారికి పీటం అని పెళ్ళాం, ఛ, పీట అని మొగుడు. ఒకే గిన్నెలో తిని, ఒకే మాటకు చెయ్యెత్తి, రెండు వేరువేరు వస్తువులు ఇచ్చి వచ్చారు. ఒకాయన మాత్రం, నాకేమీ వినపడలేదు, అందరూ ఎత్తారని ఎత్తాను అన్నాడు. ఈ సంఘంలో నిజం చెప్పింది నువ్వొక్కడివేరా అబ్బాయ్ అని ఇస్త్రీ అత్త అతని చొక్కాకు ఇంకోసారి ఇస్త్రీ చేసి ఇచ్చింది.

మాస్టారు పాస్టరమ్మ ఇంటికి వచ్చి కుర్చీ అంచున కూర్చున్నాడు. మంచి మనిషే. మంచితనం ఎక్కువై ఏ పక్కకూ ఒరగలేని మనిషి. తాను పీట అనే అన్నానని, ప్రమాణం చేయమంటే చేస్తానని, గొడవ సద్దుమణిగేదాకా ఈ ఆదివారం ఆరాధన ఆపేద్దామని, కొత్తాయన వచ్చాక అన్నీ అవే సర్దుకుంటాయని చెప్పాడు. ఆవిడ ఆయన జలుబుకు వేడినీళ్ళు ఇచ్చింది. ఆపేద్దామన్న మాటకు మాత్రం ఏమీ ఇవ్వలేదు. మీరు పీట అనే అన్నారు మాస్టారూ, నేను నమ్ముతున్నాను, కానీ సగం సంఘం పీటం ఇచ్చేసింది, ఇచ్చినవాళ్ళు తిరిగి అడిగేదాకా అది నా దగ్గరే ఉంటుంది అంది. ఆయన వేడినీళ్ళు తాగి, కుర్చీ అంచునుంచే లేచి వెళ్ళాడు.

ఆదివారం వచ్చింది.

పొద్దున్నే ఆవిడ తాళం తీసి తలుపు తోసింది. తలుపు చప్పుడు లోపలికి వెళ్ళి, గోడకు తగిలి, తిరిగి వచ్చింది. ఎప్పుడూ లేని చప్పుడు. బావగారు మాట మీద నిలబడే మనిషి, పెద్దల దగ్గర ఇంకో తాళంచెవి కూడా ఉంది. ఒక్క బెంచీ లేదు. మందిరం ఇంత పెద్దదా అనిపించింది ఆవిడకు. ఇన్నేళ్ళు బెంచీల కాళ్ళు ఆనిన చోటల్లా నేల మీద చిన్న చిన్న గుంటలు. అందరికంటే ముందు, పీఠం నిలిచిన చోట, రంగు మాయని నలుచదరపు మచ్చ ఒకటి. పీఠం పోయింది. ఆ మచ్చను మాత్రం ఎవరూ మోసుకుపోలేకపోయారు.

ఆవిడ చీపురు తీసుకుని ఊడ్చింది. బెంచీల కింద పేరుకున్న దుమ్ము మొదటిసారి వెలుగు చూసింది. ఎప్పుడో పోయిన ఒక గుండీ, ఎవరో పిల్లాడి గోళీ దొరికాయి. ఊడ్చాక నీళ్ళు చల్లి తుడిచింది.

జనం రావడం మొదలుపెట్టారు. గుమ్మంలో ఒక్కొక్కరూ ఆగిపోతున్నారు. పెద్దల కుటుంబాలవాళ్ళు లోపలికి వచ్చి గోడల పొడుగునా నిలబడ్డారు, పరాయి పెళ్ళికి వచ్చినట్టు. మిగతావాళ్ళు తలుపు దగ్గరే గుంపుగా ఉండిపోయారు. ఎక్కడ కూర్చోవాలో ఎవరికీ తెలియలేదు. బెంచీలుంటే ఎవరి చోటు వాళ్ళది. తాత కూర్చున్న చోట మనవడు. ఇప్పుడు చోటే లేదు, నేల ఉంది.

మాస్టారు గొంతు సవరించుకున్నాడు. పరిస్థితులు చూస్తున్నారు కదా, ఈ రోజుకి అందరూ ఇళ్ళకు వెళ్ళిపోతే బాగుంటుందేమో అన్నాడు. రెండు కుటుంబాలు అప్పుడే వెనక్కి తిరిగాయి.

పాస్టరమ్మ వెళ్ళి ఆ నలుచదరపు మచ్చలో నిలబడింది.

"ఎవరూ వెళ్ళకండి. బెంచీలు బావగారివి, తీసుకెళ్ళారు, ఆయన ఇష్టం. మోకాళ్ళు మీవి. వంచుతారో లేదో మీ ఇష్టం. నేను మాత్రం ఇక్కడినుంచి కదలను. ఒక్కరు కూర్చున్నా చెబుతాను. ఎవరూ కూర్చోకపోయినా చెబుతాను, గోడలు వింటాయి, వాటికి మీకంటే ఓపిక ఎక్కువ."

ఎవరూ కదల్లేదు. ఆవిడ వారమంతా దాచుకున్న ధైర్యం ఇక్కడికి సరిగ్గా సరిపోయింది, ఇంకో చెంచాడు కూడా మిగల్లేదనిపించింది.

గుంపులోంచి ఇస్త్రీ అత్త ముందుకు వచ్చింది. భారీ మనిషి. నడుం మీద చెయ్యి వేసుకుని నేలను ఒకసారి పరిశీలించి చూసింది. "కూర్చోడానికేం, కూర్చుంటాను. లేపడానికి మాత్రం నలుగురు మగాళ్ళను ఇప్పుడే మాట్లాడి ఉంచండి," అంటూ ఒక చెయ్యి ఆనించి, ఇంకో చెయ్యి పక్కామె భుజం మీద వేసి, మెల్లగా దిగింది. ఆ పక్కామె కూడా ఆ బరువుకు కూర్చోక తప్పలేదు. ఎవరో కిసుక్కున నవ్వారు.

తరవాత తోడికోడలు. గోడ పక్క నుంచి, పెద్దల కుటుంబాల మధ్య నుంచి కదిలింది. భర్త ఇంకా రాలేదు. వస్తే ఏమంటాడో అక్కడ ఉన్న అందరికీ తెలుసు, అందరికంటే ఆమెకే బాగా తెలుసు. అయినా నడిచి వచ్చి, అందరికంటే ముందు, పాస్టరమ్మ పాదాలకు దగ్గరగా కూర్చుని, తల మీద గుడ్డ సవరించుకుంది. ఆవిడ వంక చూడలేదు. చూడాల్సిన పనిలేదు.

ఇక నీళ్ళు పల్లానికి దిగినట్టు దిగారు. బెంచీలుంటే ఇటు ఆడ, అటు మగ. నేలకు ఆ సంగతి తెలియదు. ఇన్నేళ్ళ తరవాత మొగుడి పక్కన కూర్చుని పాట పాడబోతున్న ఒక ముసలామె సిగ్గుపడి జరిగింది, జరిగితే ఇంకొకరి మొగుడు తగిలాడు, మళ్ళీ ఇటే వచ్చింది. పిల్లలు బోర్లా పడుకున్నారు. ముందు బెంచీ తమదే అనుకునే కుటుంబం ఎటు ముందో తెలియక మధ్యలో చిక్కుకుపోయింది. గోడల దగ్గర నిలబడ్డవాళ్ళు కూడా కాళ్ళు పీకి ఒక్కొక్కరే కిందికి జారి కూర్చున్నారు. చిట్టచివరికి మాస్టారు తలుపు పక్కన, ఎప్పుడైనా లేచి వెళ్ళిపోవడానికి వీలుగా ఒంటి మోకాలి మీద కూర్చుని, ఆ తరవాత రెండోది కూడా వంచాడు.

అప్పుడు చూసింది ఆవిడ. ఎదుట ఏ చెక్కా లేదు. గడ్డానికి ఏదీ తగలడంలేదు. అందరూ నేల మీద ఉన్నారు, ఆఖరి మనిషి కళ్ళు కూడా తనకు కనిపిస్తున్నాయి. అందరికీ తాను తల నుంచి పాదాల దాకా కనిపిస్తోంది. ఏ పీటా వేయకుండానే ఆవిడ ఆ గదిలో అందరికంటే ఎత్తయిన మనిషి.

ప్రార్థన చేసింది. పాట అయింది. పుస్తకం తెరిచింది. ఎడారిలో నడిచినవాళ్ళ కథ ఎత్తుకుంది. దాటొచ్చిన ఊరు గుర్తొచ్చినప్పుడల్లా వాళ్ళు ఎంత సణిగారో, బానిసలుగా ఉన్నా అక్కడ మా చోటు మాకు ఉండేదని ఎలా ఏడ్చారో చెబుతుంటే నేల మీద తలలు ఊగాయి. ఇస్త్రీ అత్త, మా ఇంటాయన గురించే చెబుతున్నారు అని పక్కామెతో పైకే అంది. ఆవిడ గొంతు కుదుటపడింది. పక్కనున్న మనిషితో మాట్లాడినట్టు మాట్లాడుతోంది. అక్కడున్న చాలామంది ఆ గొంతు ఇంతకుముందు తమ ఇళ్ళల్లో, జబ్బుమంచాల దగ్గర విన్నదే. ఇక్కడ వినడం మాత్రం ఇప్పుడే.

తలుపు తెరుచుకుంది.

బావగారు. ఆదివారం చొక్కా, దువ్విన తల. ఆయన వెనకే చేతిసంచితో కుర్రవాడు కాదు గానీ ఇంకా నెరవని మనిషి ఒకాయన, మెడదాకా గుండీలు పెట్టుకుని, ప్రయాణం నలిగిన బట్టల మీద కనిపిస్తుండగా. బావగారు లోపల ఖాళీని చూద్దామని వచ్చిన మనిషి. నిండుగా కూర్చున్న జనాన్ని చూసి ఆయన కళ్ళు ఒకసారి తడబడ్డాయి. ముందు కూర్చున్న భార్య వీపును ఆయన గుర్తుపట్టాడు. గుర్తుపట్టనట్టే గొంతెత్తాడు.

"ఈయన మన కొత్త పాస్టరుగారు. పెద్దలు పిలిపిస్తే వచ్చారు. లేచి దారివ్వండి."

తలలన్నీ వెనక్కి తిరిగాయి. మళ్ళీ ముందుకు తిరిగాయి. పాస్టరమ్మ పుస్తకం మూయలేదు, చదువుతున్న వరుస మీద వేలు పెట్టి ఉంచింది. ఆవిడకు భయం వేసింది. ఆ భయాన్ని కూడా ఒక మనిషిని కూర్చోబెట్టినట్టు లోపల కూర్చోబెట్టింది.

దారి ఎక్కడుంది? బెంచీలకూ బెంచీలకూ నడుమ ఉండే దారి అది. తలుపు నుంచి ముందుదాకా మనుషులే. మోకాళ్ళకు మోకాళ్ళు తగులుతున్నాయి, ఒడుల్లో పిల్లలు పడుకున్నారు.

"దారిని మీరే బెంచీలతోపాటు ఎత్తుకుపోయారు బావగారూ," అంది ఆవిడ. గొంతు పెంచలేదు. "చోటు మాత్రం ఉంది. అంత దూరం నుంచి వచ్చారు, నిలబెట్టకండి. కూర్చోండి బాబూ. మీరూ కూర్చోండి బావగారూ. వాక్యం మధ్యలో ఉంది."

"ఆయన కూర్చోడానికి రాలేదు."

"ఆ మాట ఆయన్ని చెప్పనివ్వండి."

కొత్తాయన బావగారి మొహం చూశాడు. ముందు, రంగు మాయని నేల మీద పుస్తకంతో నిలబడ్డ పొట్టి మనిషిని చూశాడు. ఈ సంఘంలో అప్పటికే ఒకావిడ వాక్యం చెబుతోందని ఆయనకు ఎవరూ చెప్పలేదని ఆ చూపే చెబుతోంది. సంచి ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మారింది.

అప్పుడు తలుపు పక్కన కదలిక. మాస్టారు. ఎవరి వంకా చూడకుండా, తల వంచుకునే, మోకాళ్ళు దగ్గరకు లాక్కుని కాస్త పక్కకు జరిగాడు. నేల మీద కొంచెం ఖాళీ ఏర్పడింది. ఒక మనిషి కూర్చోవడానికి సరిపోయేంత. ఒక అడుగు అక్కడ వేసి, జనాన్ని దాటుకుంటూ ముందుకు పోవడానికి కూడా సరిగ్గా సరిపోయేంత.

కొత్తాయన ఆ ఖాళీ వైపు కాలు ఎత్తాడు.